కూర్మమ్మ ఏనుగు

తొమ్మిదో తరగతిలో బెహరా మాస్టారు
'మీ వీధి చరిత్ర మీరే రాసుకురండి' అన్నారు.
వీధికి చరిత్రేమిటని వెనక బెంచీలో నవ్వుకున్నాం.
బారువలో మా వీధికి ఉన్నవి
ఎండుచేపల వాసన, రెండు కొళాయిలు,
కోర్టుకెక్కిన ఒక ప్రహరీ గోడ.

ఆ గోడ పక్కింట్లోనే కూర్మమ్మ.
చిన్నప్పుడు రంగం నుంచి నడిచొచ్చిందని
అందరికీ తెలుసు, ఎవరూ అడగలేదు.
నాన్న ఫోను పట్టుకెళ్ళి ఎర్ర చుక్క నొక్కి
'చెప్పమ్మమ్మా' అన్నాను,
స్టేషన్లో రైటరులా.

'ఏటి సెప్పమంతావమ్మి?
ఆరేడేళ్ళ గుంటని.
అడివెలాగుందో నానేటి సూసినాను?
నా ఎత్తుకి మడమలే అవుపించీవి,
ముందు నడిసీవోల్ల మడమలు.
మాయమ్మ ఎడం మడమ మీద కందిగింజంత మచ్చ.
దాన్నే సూసుకొని నడిసీదాన్ని.
ఒకనాడు పొద్దున్న లెగిసి నడిసినాం.
ముందర మడమలున్నాయి.
మచ్చ నేదు.'

అంతే. వక్క కొరుక్కుంది.
ఫోనులో పదకొండు నిమిషాలు వచ్చింది,
అందులో నాలుగు నిమిషాలు వక్క చప్పుడే.

నాకు నిరాశ.
బాంబులేవి, ఓడలేవి, తేదీలేవి?
ఏ నెలలో అంటే 'సలికాలం' అంది,
ఎంతమంది అంటే 'సానామంది' అంది.
చార్టు మీద ఎర్ర స్కెచ్‌తో 1942 అని రాశాక
ఇంకా మూరెడు తెల్లకాగితం మిగిలింది.
మడమ గీయడం నాకు రాదు.
ఏనుగు గీయడం వచ్చు.

అలా వచ్చింది ఏనుగు,
అరకాను కొండల్లోంచి కాదు, నా పెన్సిల్లోంచి,
తొండమెత్తి దారికి అడ్డంగా.
జనం చెదిరారు, పిల్ల తల్లిని పోగొట్టుకుంది.
కారణాలు, ఫలితాలు, రెండూ కుదిరాయి
పది మార్కుల ప్రశ్నలో లాగే.
మండలంలో మొదటి బహుమతి. స్టీలు క్యారేజీ.

జనవరి ఇరవయ్యారున మైకులో చదివాను.
ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో
శాలువా కప్పుకొని కూర్మమ్మ.
ఏనుగు దగ్గర తలెత్తింది.
చప్పట్లయ్యాక నా చెయ్యి పట్టుకొని
'ఏనుగొచ్చిందేటమ్మి?' అంది.
ఎత్తిపొడుపు కాదు,
నిజంగానే అడిగింది,
ఇంట్లో పోయిన వస్తువు నాకు కనబడిందేమో అన్నట్టు.
నేను తల ఊపాను.
నిలువుగానో అడ్డంగానో
ఇప్పటికీ గుర్తుకు రాదు.

డిగ్రీకి శ్రీకాకుళం వచ్చి చరిత్రే తీసుకున్నాను.
మూలాధారాలంటే ఏమిటో మేడమ్ నోట్సు చెబుతుంటే
పెన్ను ఆగిపోయింది.
అక్క పెళ్ళి వీడియోకి చోటు చాలక
ఆ పదకొండు నిమిషాలు చెరిపేసింది నేనే.
కందిగింజంత మచ్చ ఇప్పుడు
నా దగ్గర తప్ప ఎక్కడా లేదు.
నన్నెవరు నమ్ముతారు?
ఏనుగుని పుట్టించినదాన్ని.

మొన్న సెలవులకి వెళ్తే
అరుగు మీద పిల్లల్ని కూర్చోబెట్టుకుని కూర్మమ్మ:
'దాని సెవులు సేటలంతేసుండీవి.
మాయమ్మ నన్నిటు తోసీసి
తానడ్డంగా నిలబడిపోనాది.'

చేటలంత చెవులు నేను రాయలేదు.
తల్లి అడ్డం నిలబడిందనీ రాయలేదు.
చార్టు మీద అసలు ఆ తల్లికి బొమ్మే లేదు.
అన్నేళ్ళుగా ఆమెని కోసింది ఆకలో అడవో కాదేమో,
అమ్మ ఎందుకు ఆగలేదన్నదేమో.
ఏమో. ఇది కూడా నేను గీస్తున్నదేమో.

పిల్లలు వెళ్ళాక చెప్పేశాను:
అమ్మమ్మా, ఏనుగు లేదు, నేనే పెట్టాను,
బహుమతి కోసం.

బోసినోటితో చాలాసేపు నన్నే చూసింది.
'నీకేటి తెలుసు?
నువ్వక్కడున్నావేటి?
ఎల్లు, లోపల సున్నం డబ్బీ ఉంది, అట్టుకురా.'

వెళ్ళి తెచ్చాను.